అక్క పేరుతో డెబ్బై ఏళ్లు

మా అమ్మ అక్టోబరు మొదలు ఏప్రిల్ దాకా ఆల్చిప్పలు ఒలుస్తుంది. కొరియా దక్షిణపు ఒడ్డున తొంగ్‌యోంగ్ రేవు పక్కన ఒక రేకుల షెడ్డు, అందులో నలభై మంది ఆడవాళ్లు. అరవై దాటనివాళ్లు ఒక్కరూ లేరు. రబ్బరు బూట్లు తొడుక్కుని బల్ల ముందు నిలబడతారు. ఎడమ చేతిలో చిప్ప, కుడి చేతిలో పొట్టి కత్తి. మొన గుచ్చి, తిప్పి, లోపలి మాంసాన్ని గిన్నెలోకి లాగడం, మళ్లీ ఇంకోటి అందుకోవడం. మధ్యాహ్నానికి నడుము మనది కాదన్నట్టు అయిపోతుంది. షెడ్డు గోడకి తెల్ల బోర్డు ఉంటుంది. ఆ రోజు పనిలోకి వచ్చినవాళ్ల పేర్లు మేస్త్రీ దాని మీద రాస్తాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ బోర్డు మీద మా అమ్మ పేరు సొల్ యాంగ్‌సున్.

ఆ పేరు మా అమ్మది కాదు. వాళ్ల అక్కది.

ఇదేదో పెద్ద రహస్యమనుకోకండి. మా వైపు ఆ వయసువాళ్లని పదిమందిని కదిలిస్తే ఒకరిద్దరైనా ఇలాంటివాళ్లు తేలతారు. అసలు యాంగ్‌సున్ రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తట్టు సోకి పోయింది. పసిపిల్లలకి సమాధి కట్టే ఆనవాయితీ అప్పట్లో లేదు. మా తాత ఆ పిల్లని గడ్డి చాపలో చుట్టి కొండ మీదికి ఎత్తుకెళ్లి, పైన రాళ్లు పేర్చి వచ్చాడు. ఎక్కడ పెట్టాడో మా అమ్మమ్మకి కూడా చెప్పలేదు. నాలుగు నెలలకి మా అమ్మ పుట్టింది. ఒక పిల్ల పోయిందని రాయించడానికి ఆఫీసుకి ఒకసారి వెళ్లాలి, ఇంకో పిల్ల పుట్టిందని రాయించడానికి మరోసారి వెళ్లాలి. మా తాత తెలివైనవాడు. రెండుసార్లూ వెళ్లలేదు. కాగితం మీద యాంగ్‌సున్ బతికే ఉంది, ఇంట్లో ఒక ఆడపిల్ల ఎలాగూ ఉంది, లెక్క సరిపోయింది.

ఆ తర్వాత నాలుగేళ్లకి మా మేనమామ పుట్టాడు. అప్పుడు ఇదే తాత వీపు మీద బార్లీ మూట వేసుకుని, కొండ దాటి, పేర్లు కట్టే ముసలాయన ఇంటికి నడిచి వెళ్లాడు. ఆయన పుట్టిన గడియ అడిగి, అక్షరాల గీతలు లెక్కపెట్టి, సాయంత్రం దాకా కూర్చోబెట్టి బ్యోంగ్‌హున్ అని పేరు ఇచ్చాడు. అందులో 'బ్యోంగ్' మా తాతవాళ్ల వంశంలో ఆ తరం మగపిల్లలందరికీ ఉండి తీరాల్సిన ముక్క. మగపిల్లాడి పేరుకి బార్లీ మూట మోసిన కాళ్లే, ఆడపిల్ల పేరుకి ఆఫీసు గడప దాకా నడవలేకపోయాయి.

ఇంట్లో మాత్రం మా అమ్మమ్మ తన కూతుర్ని యాంగ్‌సున్ అని ఒక్కసారీ పిలవలేదట. ఆ పేరు నోటికి వచ్చేది కాదట. గన్నాని అని పిలిచేది. అప్పుడే పుట్టింది, పసిగుడ్డు అని దానర్థం. పేరు పెట్టేదాకా ఏ పిల్లనైనా అలాగే పిలుస్తారు. మా అమ్మకి ఆ పెట్టడమనేది రాలేదు కాబట్టి పెళ్లయి వెళ్లేదాకా పసిగుడ్డుగానే ఉంది.

కాగితం లెక్కన రెండేళ్లు ముందే బడికి పిలుపొచ్చింది. క్లాసులో అందరికంటే పొట్టి. మొదటి రోజు హాజరు వేస్తూ టీచరు యాంగ్‌సున్ అని మూడుసార్లు పిలిస్తే పలకలేదు. నాలుగోసారి వచ్చి మొట్టాడు.

"అక్కని పిలుస్తున్నారనుకున్నాను. అక్క రాలేదండీ అందామని లేచాను. ఈలోపు మొట్టికాయ పడింది" అని మా అమ్మ నవ్వుతూ చెప్పేది. నాకెప్పుడూ నవ్వు రాలేదు.

పెళ్లయ్యాక ఆ పేరుతో కూడా అవసరం తీరిపోయింది. మా పెద్దక్క పుట్టాక 'మిసుక్ అమ్మ' అయింది. షెడ్డులో కూడా నోటితో పిలిచేటప్పుడు మిసుక్ అమ్మే. యాంగ్‌సున్ బోర్డు మీదా, బ్యాంకు పుస్తకంలోనూ ఉండేది. పాపం ఆ రెండేళ్ల పిల్ల బడికెళ్లింది, పెళ్లి చేసుకుంది, ముగ్గుర్ని కంది, విధవరాలైంది, ముప్ఫై ఏళ్లు ఆల్చిప్పలు ఒలిచింది. అన్నీ కాగితం మీద.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో ఒడ్డున కూర్చుని చెబుతున్నానని అనుకుంటారు. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోదాన్ని. మా నాయనమ్మ నాకు ఫిల్‌నామ్ అని పేరు పెట్టింది. 'ఈసారి మగపిల్లాడే కావాలి' అని చెప్పడం అన్నమాట. అంటే అది నా పేరు కాదు, నా వెనక రాబోయేవాడికి రాసిన ఉత్తరం. ఆ వెనక ఎవడూ రాలేదు. నేను మాత్రం ముప్ఫై నాలుగేళ్లు ఆ ఉత్తరం మెడకి కట్టుకుని తిరిగాను. కాలేజీలో పేరు చెప్పగానే "మీ ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలు?" అని అడిగేవారు. చివరికి కోర్టులో అర్జీ పెట్టుకుని చేయున్ అని మార్చుకున్నాను. అప్పుడు తీసిన కాగితాల్లో ఒకటి చూసి గుమాస్తా అన్నాడు, "మీరు పుట్టిన రోజే రాయించారే. ఆ కాలంలో ఇలా చాలా అరుదండీ." నన్ను ఎంత తొందరగా వదిలించుకుందామనుకున్నారో, అన్నాను నేను.

నేను జింజులో ఒక చిన్నపిల్లల ఆస్పత్రి కౌంటరులో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పేర్లు పిలవడమే నా ఉద్యోగం. ఇప్పటి పేర్లు పల్చటి గంజిలా ఉంటాయి, ఎక్కడా పంటికి తగలవు. ఆడో మగో కూడా తెలియదు. ఒకరోజు 'చేయున్' అని పిలిస్తే ముగ్గురు లేచారు. అందులో పెద్దదానికి నాలుగేళ్లు. చచ్చీ చెడీ సంపాదించుకున్న పేరు పసిపిల్లల గుంపులో కలిసిపోయిందని ఆ రోజు తెలిసింది. మా అమ్మ ఎలాగూ ఆ పేరుతో నన్ను పిలవదు. ఫిల్‌నామే అంటుంది. నా కూతురు దాన్‌బిది అచ్చమైన కొరియా మాటతో పెట్టిన పేరు, అదనుకి కురిసే వాన అని. నేనే ముచ్చటపడి పెట్టాను. దానికి ఇప్పుడు ఇరవై ఏళ్లు. "ముద్దుగానే ఉందమ్మా. అరవై ఏళ్లొచ్చాక ఈ పేరుతో ఎలా తిరగాలో అదీ నువ్వే చెప్పు" అంటుంది. ఎంత ఆలోచించి పెట్టినా పిల్లల దగ్గర మాట పడకుండా ఉండదు.

ఇక అసలు విషయం. కిందటి వసంతంలో, సమాధులు బాగుచేసే రోజున, మా మేనమామ తాతనీ అమ్మమ్మనీ ఒకే చోటికి మార్పించి కొత్త నల్లరాయి నిలబెట్టాడు. వెనకవైపు సంతానం పేర్లు చెక్కించాడు. పూర్వం అయితే కొడుకుల పేర్లే ఉండేవి. ఇప్పుడు కూతుళ్లవి కూడా వేస్తున్నారు. మామ ఆ మాట గొప్పగా చెప్పుకుంటూ మమ్మల్ని రాయి వెనక్కి తీసుకెళ్లాడు. 'కొడుకు బ్యోంగ్‌హున్. కూతురు యాంగ్‌సున్.'

మా అమ్మ వంగి చూసింది. చేతిగుడ్డతో ఆ అక్షరాల్లోని రాతి పొడి తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"బ్యోంగ్‌హునా, ఈ ఇంట్లో ఆడపిల్లలు ఇద్దరు పుట్టార్రా" అంది.

"తెలుసక్కా."

"ఒకరినే వేశావు."

మామకి ముందు అర్థం కాలేదు. "నిన్నే వేశాను కదక్కా. చూడు, నీ పేరే."

"అది అక్క పేరు. పోన్లే, బాగా చేశావు. దానికి గోరీ లేదు, ఏమీ లేదు. దాని పేరు రాయికెక్కింది, అమ్మ పక్కన. మరి నేనేదిరా?"

మామ మొహం తుడుచుకున్నాడు. ఆయనకీ ఈ వంశం గోలతో ప్రాణం విసిగి ఉంది. సొంత మనవడికి తరం ముక్క పెట్టడానికి కోడలు ఒప్పుకోలేదు. "ఆ ముక్క పెడితే పిల్లాడు పుట్టగానే ముసలాడైపోతాడు మామయ్యా" అందట. ఆ పుండు ఇంకా మానలేదు.

"అక్కా, నువ్వు చెప్పింది న్యాయమే. కానీ పేరే లేని మనిషిని రాయి మీద ఏమని చెక్కించను? రేపు పిల్లలు చూసి ఈమె ఎవరంటే ఏ కాగితం చూపించాలి? పేరు పెట్టుకుని కాగితం తెచ్చుకో. శరత్కాలం పండక్కి ముందు రాతిపనివాడు మళ్లీ వస్తాడు. అడుగున రెండు వేళ్ల జాగా ఉంది. చెక్కిస్తాను."

తిరిగొచ్చేటప్పుడు కారులో మా అమ్మ వంతెన దాటాక అంది, "ఫిల్‌నామూ, నువ్వెళ్లిన ఆఫీసుకి నన్ను తీసుకెళ్తావా?"

తీసుకెళ్తానన్నాను. లోపల సంతోషపడ్డాను కూడా. పదేళ్లుగా నేను చెప్పి చెప్పి వదిలేసిన పని అది. "ఇప్పుడేం పేరు, పైకి పోయే వయసులో" అని కొట్టిపారేసేది. ఇప్పుడు తనే అడిగింది. మంచి పేరు పెట్టించాలి, ఆ బోర్డు మీద మేస్త్రీ రాసేటప్పుడు నలుగురూ చూడాలి అనుకున్నాను. పేర్లు కట్టే ఆయన దగ్గరికెళ్లి ఆరు పేర్లు రాయించుకొచ్చాను. దాన్‌బి ఫోనులో ఇంకో పదిహేను పోగేసింది.

ఆదివారం మా అమ్మ ఇంట్లో నేల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాం. ఆవిడ చేతులకి ఏదో ఒకటి ఒలవనిదే తోచదు. దాన్‌బి ఒక్కో పేరూ చదువుతోంది.

"హేవన్ ఎలా ఉంది అమ్మమ్మా?"

"ఎవరో డాక్టరమ్మలా ఉంది."

"జియూ?"

"దాన్ని పిలిస్తే నేను వెనక్కి తిరిగి చూస్తానంటావా?"

"సొయున్?"

"మీ అమ్మ ఆస్పత్రికొచ్చే పిల్లల దగ్గర లాక్కొచ్చావా ఏంటే?"

దాన్‌బి పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. అర్జీ కాగితం తెచ్చి ముందు పెట్టాను. కొత్త పేరు రాసే గడి ఖాళీగా ఉంది. "అమ్మా, రాతిపనివాడు వచ్చేలోపు కోర్టు నుంచి జవాబు రావాలి. రెండు మూడు నెలలు పడుతుంది. ఇవాళ తేల్చు. ఏం రాయమంటావు?"

"గన్నాని అని రాయి."

నేను కలం కింద పెట్టేశాను. "అది పేరు కాదు."

"మరేంటి?"

"పేరు పెట్టేదాకా పిలిచే పిలుపు."

"పెట్టలేదుగా. అయితే అదే."

"అమ్మా, జనం ఇలాంటి పేర్లు వదిలించుకోడానికి కోర్టుకి పోతారు. తగిలించుకోడానికి పోయేదానివి నువ్వొక్కదానివే. డెబ్బై ఏళ్ల మనిషి పసిగుడ్డు ఏంటి? నవ్విపోతారు."

"అరవై ఎనిమిది. ఆ రెండూ అక్కవి" అంది. ఒక వెల్లుల్లి రెబ్బ ఒలిచి గిన్నెలో వేసింది. "నవ్వనీ. మా అమ్మ నన్ను చూసి పిలిచిన పిలుపు అదొక్కటే. మిగతావన్నీ ఎవరినో చూసి పిలిచినవి. మీరు తెచ్చిన పేర్లన్నిటిలో మా అమ్మ నోటెమ్మట వచ్చింది ఒక్కటుందా?"

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. ముప్ఫై నాలుగేళ్లది, ఆ తర్వాతిది, అంతా కలిసి నోటికొచ్చింది. "పేరంటే ఏంటో ఇంత తెలిసినదానివి నాకు ఆ దరిద్రపు పేరు ఎలా పెట్టనిచ్చావు? వద్దని ఒక్క మాట అనలేకపోయావా? నేను పుట్టిన రోజే పరిగెత్తి రాయించేశారు, అంత తొందరేం వచ్చింది?"

దాన్‌బి ఫోను పక్కన పెట్టేసింది. మా అమ్మ చేతిలో రెబ్బ అలాగే ఉంది. కోపం రాలేదు ఆవిడకి. కోపానికి కూడా ఓపిక కావాలి.

"పెట్టింది మీ నాయనమ్మ. అడ్డం చెప్పలేదు, చెబితే ఆగే మనిషి కాదు. నేను అడిగింది ఒక్కటే. ఎవరో వాడి వదిలిన పేరు మాత్రం నా పిల్లకొద్దు, ఇవాళే రాయించాలి అన్నాను. మీ అక్కలకీ అంతే చేశాను. మీ నాన్న నూరు రోజులు ఆగుదాం, పిల్ల నిలబడుతుందో లేదో చూద్దాం అన్నాడు. అందరూ అలాగే ఆగేవాళ్లులే. రాయించిన కాగితం నా కళ్లకి చూపించేదాకా కాన్పయ్యాక పెట్టే నాచు పులుసు ముట్టనన్నాను. బాలింతని, కడుపులో ఏమీ లేదు. మీ నాయనమ్మ తిట్టని తిట్టు లేదు. ఆ చలి వానలో మీ నాన్న పోయి రాయించుకొచ్చాడు. అప్పుడు తాగాను."

చేతిలో ఉన్న రెబ్బ అప్పుడు గిన్నెలో వేసింది.

"బాగాలేని పేరని నాకు తెలీదా? కానీ అది నీదే ఫిల్‌నామూ. నీకంటే ముందు ఎవరూ తొడుక్కోలేదు. నువ్వు తీసి పారేశావు. పారేసుకో, నీ ఇష్టం. నేనేమన్నా అన్నానా? నన్ను పిలుచుకోనీ, అంతే."

నేను లేచి వంటగదిలోకి వెళ్లి నీళ్లు తాగాను. పంపు తిప్పి చాలాసేపు చేతులు కడుక్కున్నాను, వెల్లుల్లి వాసన అంత తేలిగ్గా పోతుందా. ఏడ్చాను, దాచడమెందుకు. తిరిగొచ్చి గడిలో గన్నాని అని రాశాను. కారణం రాసే చోట ఏం రాయాలో తోచలేదు. నా అర్జీలో నేను రెండు పేజీలు రాసుకున్నాను. దాన్‌బి కలం తీసుకుని ఒక్క వాక్యం రాసింది: 'తల్లి పెట్టిన పేరు ఇదే.'

కోర్టు గుమాస్తా ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "పెద్దమ్మగారూ, మార్చుకోవాలనుకుంటున్న పేరు, ఇప్పుడున్న పేరు, తారుమారుగా రాసినట్టున్నారు" అన్నాడు మర్యాదగా.

"లేదు బాబూ. సరిగ్గానే ఉంది" అంది మా అమ్మ.

ఎండాకాలమంతా జవాబు కోసం చూశాం. ఆవిడ రోజూ పోస్టు డబ్బా తెరిచేది. ఆగస్టు చివర్లో వచ్చింది. అనుమతించడమైనదని నాలుగు ముక్కలు. ఆ కాగితం మడిచి మా అమ్మమ్మ ఫొటో వెనక దాచింది. షెడ్డు మేస్త్రీకి ఫోను చేసి అక్టోబరు నుంచి బోర్డు మీద ఈ పేరు రాయాలని చెబితే అవతల నుంచి నవ్వు వినిపించింది. షెడ్డు కడగడానికొచ్చిన ఆడవాళ్లు ఫోను లాక్కున్నట్టున్నారు. "ఏం వదినా, పసిగుడ్డయ్యావంటగా, ఇక పాలు పట్టించి పడుకోబెట్టాలా నిన్ను?" అని ఒకావిడ అరిచింది. "నీ దగ్గర పాలెక్కడున్నాయే, ఎండిపోయి ముప్ఫై ఏళ్లయింది" అని మా అమ్మ జవాబిచ్చింది. ఆ పూటంతా హుషారుగా ఉంది.

పండక్కి వారం ముందు కొండ ఎక్కాం. మామ ముందే వచ్చి ఉన్నాడు. రాతిపనివాడు చీటీ మీది పేరు చూసి మామ మొహం చూశాడు. మామ ఇంకెటో చూశాడు. ఆ తర్వాత గట్టిగానే చెప్పాడు, "చీటీలో ఉన్నట్టే చెక్కు. మా అక్క పేరు." అడుగున ఇరుకు జాగాలో, యాంగ్‌సున్ కింద, కాస్త చిన్న అక్షరాలతో గన్నాని చేరింది. ఇద్దరు ఆడపిల్లలు ఒకే పక్క మీద సర్దుకుని పడుకున్నట్టు ఉంది.

రాతిపనివాడు వెళ్లిపోయాక అమ్మ రాయి వెనక చాప పరిచి కూర్చుంది. తాతకీ అమ్మమ్మకీ ముందువైపు పెట్టాల్సినవన్నీ మామ పెట్టాడు. ఈవిడ మాత్రం సంచీలోంచి పాల మిఠాయిల పొట్లం తీసి, కాగితాలు విప్పి, యాంగ్‌సున్ ఎదురుగా మూడు పెట్టింది. రెండేళ్ల పిల్ల కదా, పళ్లు అన్నీ వచ్చి ఉండవని ఒకటి కొరికి చిన్న ముక్కలు చేసింది. కత్తి పట్టిన బొటనవేలు వంకరపోయి అలాగే ఉండిపోయింది. ఆ వేలితోనే అక్క పేరు నిమిరింది.

"అక్కా, అలిసిపోయి ఉంటావు" అంది. "బడికెళ్లావు, అత్తారింట్లో చాకిరీ చేశావు, ఇంతకాలం చలిలో నిలబడ్డావు. చాల్లే. ఇక పడుకో. వచ్చే నెల నుంచి నేను ఒలుస్తాను."